నాన్న ఆఖరి సిద్ధాంతం

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఇంటి ముందు వ్యాను ఆగింది. ఇద్దరు మనుషులు చుట్టచుట్టిన పెద్ద ఫ్లెక్సీ మోసుకొచ్చి, హాల్లో సోఫా వెనక నిలబెట్టి వెళ్ళిపోయారు. ఆ రంగుల ఘాటుకి ప్రొఫెసర్ గారి కూతురు ముక్కు మూసుకుంది. కాఫీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేసింది.

నాన్న పోయిన దగ్గర్నుంచి ఆమెకి ఏదీ సహించడం లేదు, ముఖ్యంగా మనుషులు. "ఆయన పోలేదమ్మా, అంకెల్లో బతికే ఉన్నారు" అని కళ్ళు తుడుచుకున్న పెద్దమనిషి అదే చేత్తో బిస్కెట్ల ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు. నాన్న క్లాసులో వెనక బెంచీ మీద నిద్రపోయినవాళ్ళంతా ఇప్పుడు ప్రియశిష్యులే. ఒకాయనైతే నాన్న తన చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించారన్నాడు. నాన్న చెప్పింది కాలేజీలో లెక్కలు. 

ఆ సాయంత్రం కాలేజీ హాల్లో సంస్మరణ సభ. ఊరంతా ప్రచార బోర్డులు పెట్టే వ్యాపారం తమ్ముడిది కాబట్టి ఏర్పాట్లన్నీ తనే నెత్తినేసుకున్నాడు. ఆహ్వాన పత్రిక నిండా "సంఖ్యా సార్వభౌముడు", "గణిత మహాసముద్రం" అని మెరుపు అక్షరాలు. ఫొటోలో నాన్న బట్టతల మీద జుట్టు మొలిచింది. బుగ్గలు ఎర్రగా అయ్యాయి. అది చూసి తల్లి "ఈయనెవరే?" అని అడిగితే కూతురికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నిజానికి ఆయన పొగిడితే ముడుచుకుపోయే మనిషి. ఎప్పుడో ఒకసారి సన్మానం పెడితే, ఉపన్యాసాలు ముగిసేలోగా వెనక గుమ్మంలోంచి ఇంటికొచ్చి బెండకాయలు తరుగుతూ కూర్చున్నారు. ప్రతి ముక్కా ఒకే పొడవు. చొక్కా జేబుల్లో సుద్దముక్కలు మర్చిపోయేవారని, ఉతికే ముందు జేబులు వెతకడం తల్లికి జీవితమంతా ఒక పని. అందరి ఇళ్ళలో అద్దాల బీరువా ఉండే చోట ఆ ఇంట్లో భోజనాల గది గోడకి నల్లబల్ల ఉండేది. పిల్లలు లెక్క తప్పుచేస్తే ఆయన నోట తప్పు అనే మాట వచ్చేది కాదు. "ఈ గీత ఎక్కడి నుంచి వచ్చింది?" అని మాత్రం అడిగేవారు. శిష్యులు ఆయనకి పెట్టుకున్న పేరు కూడా అదే, ఎక్కడినుంచి మాస్టారు.

అలాంటాయనని చివరి కాలంలో అన్నిటికంటే ముందు వదిలిపెట్టింది అంకెలే. మాటా మంచీ బాగానే ఉండేవి. వచ్చినవాళ్ళని "బాగున్నారా" అని పలకరించేవారు కూడా. నల్లబల్ల ముందు నిలబడితే మాత్రం కూడిక కూడా వచ్చేది కాదు. అయినా రోజూ పొద్దున్నే బల్ల నిండా రాసేవారు. రెండు వీధుల అవతల ఉండే కూతురు, తను లెక్కలు చెప్పే కాలేజీకి వెళ్ళే ముందు ఇక్కడికొచ్చేది, సెలవురోజైనా మానేది కాదు. ఆయన పరీక్ష రాసిన పిల్లాడిలా ఆమె మొహంలోకి చూసేవారు. ఆమె సుద్ద తీసుకుని కింద టిక్కు పెట్టేది. ఆ రోజంతా ఆయన హాయిగా ఉండేవారు. ఈ సంగతి తల్లికీ కూతురికీ తప్ప మూడోమనిషికి తెలియదు.

తొమ్మిది కాకముందే తమ్ముడు ఇస్త్రీ మడత నలగని చొక్కాతో దిగాడు. వెనకే బాబాయి, ప్రొఫెసర్ గారి తమ్ముడు, రైల్వేలో రిటైరైన మనిషి.

"వేదిక మీద నా కుర్చీ ఎటువైపమ్మా?" అన్నాడు బాబాయి కూర్చోకుండానే.

"మెట్ల పక్కన, బాబాయ్. తొందరగా దిగిపోవచ్చు," అందామె.

"అక్కా, ఇటు చూడు. ఇది చూస్తే నీ కోపమంతా ఎగిరిపోతుంది," అంటూ తమ్ముడు ఫ్లెక్సీ నేలమీద పరిచాడు. గదిలో సగం దానికే సరిపోయింది. పైన బంగారు రంగులో "చివరి శ్వాస దాకా గణితమే! ప్రొఫెసర్ గారి ఆఖరి సిద్ధాంతం" అని ఉంది. కింద మనిషెత్తున భోజనాల గది నల్లబల్ల ఫొటో.

ఆమె చూసింది. ఒక సమీకరణం, దాని పక్కన సమానం గుర్తు, ఆ తర్వాత ఏ సంబంధమూ లేని ఇంకో సమీకరణం. వర్గమూలం గుర్తు కింద ఖాళీ. తెరిచిన బ్రాకెట్లు మూయలేదు. అడుగున, జవాబు చుట్టూ ఆయన ఎప్పుడూ గీసే గడి మాత్రం చక్కగా ఉంది. లోపల ఏమీ లేదు.

"దీన్ని ఎక్కడ కడుతున్నావు?"

"కాలేజీ గేటు దగ్గరే! ఆయన డిపార్ట్‌మెంటు మొత్తం వస్తోంది. లోపలికి అడుగుపెట్టేవాళ్ళు ముందు ఇదే చూడాలి."

"ఛీ! చుట్టెయ్. ముందు నా కళ్ళ ముందు నుంచి తీసెయ్!"

"ఏమైందక్కా? ఏం చేసినా నీకు నచ్చదు. నా వ్యాపారం చూస్తేనే నీకు అసహ్యం."

"అవును, అసహ్యమే! చచ్చిపోయిన మనిషికి జుట్టు మొలిపిస్తావా? ఆయన్ని కూడా సబ్బుబిళ్ళలా బోర్డెక్కిస్తావా? అది సిద్ధాంతం కాదురా, వట్టి పిచ్చిరాతలు! పోయేముందు చాలాకాలంగా నాన్నకి కూడికలు కూడా వచ్చేవి కావు. ఆయన తోటివాళ్ళంతా గేటు దగ్గర నిలబడి నవ్వుకోవాలా?"

"నాకైతే గొప్పగానే ఉంది," అన్నాడు బాబాయి ఫ్లెక్సీ మీదకి వంగి. "ఇందులో నా ఫొటో పడినట్టు లేదే?" 

తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. వంగి, ఫ్లెక్సీ అడుగున వేలు పెట్టాడు.

"మరి ఈ టిక్కు? ఇది నీ టిక్కు కాదా? చిన్నప్పుడు నా పుస్తకాల్లో ఎన్ని చూళ్ళేదు! నువ్వు సరిపోయిందన్నావనేగా నేను నమ్మింది!"

 వంటింటి గుమ్మంలో తడి చేతులతో నిలబడ్డ తల్లి నెమ్మదిగా లోపలికొచ్చింది.

"దాన్ని అనకురా. నీకు చెప్పొద్దన్నది నేనే. నీ నోట్లో మాట ఆగదని, ఆయన పరువు బజారున పడుతుందని భయపడ్డాను."

"నాకు కూడానా అమ్మా? నేనేమన్నా బజారా?" అంటూ తమ్ముడు నేలమీద కూలబడ్డాడు. ఇస్త్రీ మడత నలిగిపోయింది. "అయితే ఆ ఆదివారం నాన్న నాకు చెప్పిందంతా..."

"ఏం చెప్పారు?"

"ఈ లెక్కే. నేను ఊరికే బల్ల వైపు చూస్తుంటే, రారా అని పిలిచి, గీత గీతకీ ఆగి చెప్పారు. చిన్నప్పుడు నాకు లెక్కలు రాక ఏడుస్తుంటే, 'వాడి దారి వేరులే' అని ఒకరోజు సుద్ద కింద పెట్టేశారు చూడు, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ నన్ను బల్ల దగ్గరికి పిలవలేదక్కా. ఆరోజు పిలిచారు. నాకు మొత్తం అర్థమైంది కూడా. నాక్కూడా లెక్కలు వస్తాయని ఇంటికెళ్ళేదాకా ఒకటే సంతోషం." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "ఎంత వెధవని!"

ఆమె నెలరోజులుగా మోస్తున్న కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగింది. ఆయన సుద్ద పట్టుకున్న ఆ ఆఖరి రోజులు తన ఒక్కదానివే అనుకుంది. వాటికోసమే అందరినీ ఈసడించుకుంది. వీడికీ ఒక మధ్యాహ్నం దొరికిందని ఆమెకి తెలియదు. లేచివెళ్ళి తమ్ముడి పక్కన కూర్చుంది.

"ఒరేయ్, నాకు చెప్పు. నాన్న ఎలా చెప్పారో అలాగే."

"ఎగతాళి చెయ్యకక్కా."

"ఎగతాళి కాదురా. ఈ చివర్లో ఆయన టిక్కు పెట్టమని నా మొహంలోకి చూడటమే తప్ప నాకు ఏ రోజూ ఏదీ చెప్పలేదు. నిన్నే పిలిచి చెప్పారు."

అతను మొదటి గీత మీద వేలు పెట్టాడు. "ఇది మొదలట. మొదలెప్పుడూ చిన్నగా ఉండాలట. ఇక్కడ రెండువైపులా సమానమయ్యేదాకా కంగారు పడకూడదట." వేలు వర్గమూలం దగ్గర ఆగింది. "ఇక్కడేం లేదేంటి నాన్నా అన్నాను. 'వస్తుందిలేరా, రానీ' అని నవ్వారు."

"మరి ఈ గడి?"

 "ఇది నాకు వదిలారు. 'జవాబు నువ్వు రాయి, నాకేం తొందరలేదు' అని సుద్దముక్క నా చేతిలో పెట్టారు. అంతలో ఫోన్ మోగింది. ఒక్క నిమిషం నాన్నా అని బయటికెళ్ళాను. ఎవడో బోర్డు బేరం. నేనొచ్చేసరికి ఆయన కుర్చీలోనే నిద్రపోయారు. లేపడం ఎందుకులే, మళ్ళీ ఆదివారం రాద్దాం అనుకుని ఫొటో తీసుకుని వెళ్ళిపోయాను."

ఆ మళ్ళీ ఆదివారం రాలేదు. అక్క అతని తల తన భుజం మీదకి లాక్కుంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా వెక్కివెక్కి ఏడ్చారు. బాబాయి కూడా చప్పుడు చేయకుండా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

తల్లి చీరకొంగుతో చేతులు తుడుచుకుని ఫ్లెక్సీ ఒక కొస పట్టుకుంది. "ఇది గేటుకి వద్దు. నా గదిలో పెట్టండి. ఇప్పుడు అక్కకి చెప్పావే, సభలో అదే చెప్పరా. ఆయనకి లెక్కలు పోయాయనీ చెప్పు. దాచింది చాలు."

"వాళ్ళందరి ముందు నేనెలా చెప్పనమ్మా? సగంలోనే ఏడుపొస్తుంది."

"వస్తే అక్కడే నిలబడి ఏడువు," అంది అక్క ముక్కు తుడుచుకుంటూ. "నేను పక్కనే నిలబడతాను."