అనుమానం గుట్టెక్కింది

రెండో గుట్ట ఎక్కేసరికి హన్నా బడిపిల్ల కాదు, పోలీసు. టోపీ లేదు, లాఠీ లేదు. ఉన్నదల్లా అనుమానం ఒక్కటే. అది మాత్రం బస్తాడు ఉంది.

ఆ అనుమానమంతా ముందు నడుస్తున్న మొగులమ్మ మీద.

దసరా సెలవుల్లో దేవసహాయం సారు పిల్లలను ఇస్నాపూర్ అవతలి గుట్టల మీదికి నడకకు తీసుకొచ్చారు. మూడు గుట్టలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు వరుసగా ఉంటాయి. వాటి వీపు మీదుగా నడిచి చివరి బండ ఎక్కితే అటు బొంబాయి రోడ్డు, ఇటు చెరువులు, అప్పుడప్పుడే లేస్తున్న ఫ్యాక్టరీల పొగగొట్టాలు, అన్నీ కనిపిస్తాయట.

దారి చూపించడానికి మొగులమ్మ వచ్చింది. ఈ గుట్టల మీదే కట్టెలు, సీతాఫలాలు ఏరుకునే ముసలమ్మ. పెద్దపిల్లలు ఆమెతో, సారుతో ముందు. చిన్నపిల్లలు ఎలిజబెత్ టీచరుతో వెనక, చాలా వెనక. ఎందుకంటే ఆ చిన్నవాళ్లలో హన్నా తమ్ముడు సొలొమోను ఉన్నాడు. వాడు పది అడుగులు నడిస్తే ఇరవై సార్లు కూర్చుంటాడు.

హన్నాకు సందేహం వచ్చిందంటే సందె దాకా వదలదు. పోయిన నెల ఇంటికొచ్చే పాలల్లో నీళ్లు కలుస్తున్నాయని కనిపెట్టింది తనే. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. అప్పటినుంచి ఆమె కంటికి లోకంలో ఉన్నవన్నీ నీళ్లపాలే.

"జయా, ఆ అవ్వను చూసినవా?" అంది పక్కన నడుస్తున్న జయశీలతో.

"ఏంది?"

"పొద్దుగాల సారు మెడల కెమెరా చూసి, గది ఎంతకొచ్చింది సారూ అని అడిగింది."

"అడిగితే ఏమైతది? మా నాయన గూడ అడిగిండు."

"ఇంకోటి ఇను. దారి రెండుగ చీలినకాడల్ల ఆగుతున్నది. కొమ్మ ఇరుస్తది, ఒక దారికి అడ్డం పెడ్తది, మీద రాయి పెడ్తది. ఎవరికో సైగ చేస్తున్నది."

జయశీల కళ్లు సీతాఫలం గింజల్లా మెరిశాయి. "దొంగలకా?"

"మరి చుట్టాలకా?"

సరిగ్గా అప్పుడే మొగులమ్మ వెనక్కి తిరిగి నవ్వింది. ఆ నోట్లో ఉన్నవి నాలుగే పళ్లు. హన్నాకు నలభై కనిపించాయి.

హన్నా మెల్లగా వరుస చివరికి జారుకుంది. తర్వాతి చీలిక దగ్గర అందరూ మలుపు తిరిగేదాకా ఆగింది. రాయిని కాలితో దొర్లించింది. కొమ్మను పొదల్లోకి విసిరింది. ఆ పై చీలిక దగ్గరా అంతే. సైగ లేదు, ఇక సెగ లేదు అనుకుంది.

చివరి బండ మీద గాలి చొక్కాలను గాలిపటాలు చేసింది. కింద లారీలు చీమల్లా పాకుతున్నాయి. చెరువులు అద్దం ముక్కల్లా మెరుస్తున్నాయి. పిల్లలంతా ఆ వింతలు చూస్తుంటే హన్నా మాత్రం మొగులమ్మ చేతులనే చూస్తూ కూర్చుంది.

అరగంట గడిచింది. చిన్నపిల్లలు రాలేదు.

సారు గడియారం చూసుకున్నారు. "వాళ్లు దారి తప్పిన్రా ఏంది, మొగులమ్మా?"

"ఎట్ల తప్పుతరు సారూ? పోవద్దన్న దారికల్ల కొమ్మ అడ్డం పెట్టిన. గాలికి పోకుండ రాయి గూడ పెట్టిన. కొమ్మ ఉన్న దిక్కు పోకుండ్రి, ఖాళీగున్న దారి పట్టుండ్రి అని టీచరమ్మకు పొద్దుగాల్నే చెప్పిన. గుట్ట తిరిగెటోళ్లం అందరం గట్లనే చేస్తం."

పొద్దున ఆ మాట చెప్పినప్పుడు హన్నా బావి దగ్గర సీసాలో నీళ్లు నింపుకుంటోంది.

సారు గొంతు కాస్త గట్టిపడింది. "అన్నిటికీ పెట్టినవా? ఒకటి మరిచినవేమో."

"పెట్టిన సారూ."

"మరి రాలేదేంది?"

ఇప్పుడు పిల్లలందరూ మొగులమ్మనే చూస్తున్నారు. పొద్దుటినుంచి హన్నా ఎలా చూసిందో అలాగే. "పెట్టిన సారూ" అని మొగులమ్మ మళ్లీ అంది. ఈసారి గొంతు చిన్నదైపోయింది.

"ఆ పక్క దారులు ఎటు పోతయి?" సారు అడిగారు.

"ఒకటి చెరువుకు. ఒకటి రాళ్ల క్వారీకి. పొద్దు నడినెత్తికొస్తే ఆడ తూటాలు పేలుస్తరు."

అందరూ పైకి చూశారు. సూర్యుడు నడినెత్తికి జానెడు దూరంలో ఉన్నాడు.

హన్నా కొమ్మలు తీయడం ఎవరూ చూడలేదు, జయశీల కూడా. కొమ్మలు వచ్చి సాక్ష్యం చెప్పవు. కానీ అక్కడ తప్పిపోయింది చిన్నపిల్లలు. తప్పు మాత్రం తనది.

"సార్, అవ్వ పెట్టింది. నేనే తీసేసిన. రెండు కొమ్మలు."

సారు నోరు తెరిచారు. అందులోంచి మాట వచ్చేలోపే మొగులమ్మ లేచింది.

"తిట్లు తర్వాత సారూ. నడువు బిడ్డా, ఏడ తీసినవో చూపియ్యి."

ముసలమ్మ మేకలా దిగింది. హన్నా ఆమె వెనకే పరుగెత్తింది. పెద్దపిల్లలను బండ మీంచి కదలొద్దని చెప్పి, సారు వాళ్ల వెనక. పై చీలిక దగ్గర ఏమీ లేదు. కింది చీలిక దగ్గర, క్వారీ దారిలో, చిన్న చిన్న అడుగులు. సీతాఫలం తొక్కలు.

మొగులమ్మ నోటికి అరచేతులు అడ్డం పెట్టి కేక వేసింది. "ఓ... టీచరమ్మా..."

కింది నుంచి జవాబుగా ఒక ఏడుపు వచ్చింది. ఆ రాగం హన్నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

మలుపు తిరగ్గానే దారి మధ్యలో కాళ్లు చాపుకుని సొలొమోను. అరికాలిలో ముల్లు. ఎలిజబెత్ టీచరు పిన్నీసుతో తీస్తోంది. చుట్టూ మిగతా నలుగురు. "ముల్లు తియ్యనియ్యడు, లేచి నడువడు. అరగంటైంది" అందావిడ విసుగ్గా.

"ఎనకకు రాండ్రి టీచరమ్మా, జల్దీ. ఇది క్వారీ దారి."

మొగులమ్మ సొలొమోనును చంకన వేసుకుంది. హన్నా ఇద్దరు చిన్నవాళ్ల చేతులు పట్టుకుంది. చీలిక దాకా వచ్చారో లేదో, కింద ఢామ్మని పేలింది. కాళ్ల కింద గుట్ట వణికింది. వాళ్లు వెళ్లబోయిన వైపు తెల్లటి దుమ్ము లేచింది.

టీచరు ఐదుగురినీ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"నేను గూడ నిన్ను అనుమానించిన మొగులమ్మా. మనసుల పెట్టుకోకు" అన్నారు సారు, నేల చూస్తూ.

హన్నా ముందుకొచ్చింది. "అవ్వా, నువ్వు దొంగలకు సైగ చేస్తున్నవనుకున్న."

మొగులమ్మ నవ్వలేదు.

"నోరున్నది గద బిడ్డా. జొన్నగట్క తిననీకేనా అది?"



చివరి బండ మీద మధ్యాహ్నం బువ్వలు తిన్నాక అందరూ కలిసి ఇంకో వైపు నుంచి దిగడం మొదలుపెట్టారు. కొంత దూరం పోయాక మొగులమ్మ చక్కటి బాట వదిలి ముళ్ల పొదల్లోకి తిరిగింది.

జయశీల హన్నా మోచేతిని గిల్లింది. "చూసినవా? మంచి దారి ఇడిచి ముళ్లల్లకు తీస్కపోతున్నది. ఏదో ఉన్నది."

హన్నా నాలుక దురద పెట్టింది. ఏదో ఉంది, నిజమే. ఆమె జయశీలను దాటింది, సారును దాటింది, మొగులమ్మ పక్కకు చేరింది.

"అవ్వా, ఆ బాట మంచిగున్నది గద. ఎందుకు ఇడిచినం?"

మొగులమ్మ గడ్డంతో చూపించింది. ఆ బాట మీదికి వంగిన బండ కింద చాటంత నల్లటి తేనెపట్టు. అది కదులుతోంది. మొత్తం కదులుతోంది.

"పెరతేనె. సప్పుడైతే ఈగలు లేస్తయ్."

హన్నా వెనక్కి వచ్చింది. వరుసలో మాత్రం చేరలేదు. బాటకు అడ్డంగా చేతులు రెండూ చాచి నిలబడింది. జయశీల రాగానే చెవిలో ఆ మాట చెప్పింది. జయశీల మారు మాట్లాడకుండా ముళ్లదారి పట్టింది. తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరికీ అలాగే, గుసగుసగా చెప్పింది.

అందరికంటే చివర కుంటుకుంటూ సొలొమోను వచ్చాడు. రాగానే కూర్చున్నాడు.

"నువ్వెందుకు నిలబడ్డవ్ అక్కా?"

హన్నా పెదాల మీద వేలు పెట్టుకుంది. ఇంకెవరూ వెనక లేరని ఒకసారి చూసి, వాణ్ని వీపున ఎక్కించుకుని, అందరి వెనకాల చప్పుడు కాకుండా నడిచింది.