మళ్ళీ మొదలుపెట్టే తేదీ

తెల్లవారగానే ఆమె చేసే మొదటి పని, నిద్రపోతున్న కూతురి మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి గోడగడియారం చూస్తూ నిమిషంపాటు నాడి లెక్కపెట్టడం. ఈ రోజు డెబ్బై ఎనిమిది. నెల కిందట యాభై ఎనిమిదే. పుస్తకంలో మాత్రం అరవై అని రాసి మూసేసింది.

ఆ పుస్తకం చెల్లెలిచ్చింది. అతిగా సాధన చేస్తే పరుగెత్తేవాళ్ళ ఒంట్లో ఏమవుతుందో ఆ చెల్లెలు విశ్వవిద్యాలయంలో పరిశోధిస్తోంది. అలసట మితిమీరితే నిద్రలోనూ నాడి పెరుగుతుంది. రోజూ నాడి రాసి ఇచ్చేవాళ్ళలో అక్క కూతురూ ఉంది. పద్నాలుగేళ్ళ పిల్ల, అందరికీ లేడిపిల్ల. ఇంకో పది రోజుల్లో పరుగు జట్టు ఎంపిక.

చెల్లెలు పుస్తకం కోసం వచ్చేసరికి లేడిపిల్ల ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది ఒళ్ళో పెట్టుకుని కుర్చీలోనే నిద్రపోతోంది.

"ఏమే, రెండో కాలు రానందా?" అంటూ పిన్ని నవ్వుతూ చెయ్యి పట్టుకుంది. పిల్ల లేవలేదు. పిన్ని చెయ్యి వదల్లేదు గాని నవ్వు మాత్రం పోయింది. గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది, పుస్తకం తెరిచింది. మూడు వారాలుగా అరవై, అరవై ఒకటి, అరవై.

"అక్కా, ఇవి నువ్వు లెక్కపెట్టినవేనా?"

ఆమె స్టవ్ దగ్గర్నించి కదల్లేదు. పాలు పొంగబోతుంటే మంట తగ్గించింది. లెక్కపెట్టానని, లెక్కపెట్టింది రాయలేదని మెల్లగా చెప్పింది.

చెల్లెలికి కోపం కంటే నీరసం ముంచుకొచ్చింది. పిల్లకి తిండి సయించడం లేదని, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదని ఒక్కరోజైనా చెప్పలేదేమని అడిగింది. మూడు వారాలు పరుగు ఆపి తీరాలంది. ఎంపిక వచ్చే ఏడూ ఉంటుందంది.

"మూడు వారాలేగా అక్కా."

"నాకూ అలాగే చెప్పారే. అమ్మ మంచాన పడ్డప్పుడు, రెండు నెలలు బడి మానమ్మా, తర్వాత వెళ్దువుగాని అన్నారు. ఆ రెండు నెలలు ఇంకా అవలేదు."

ఆ రెండు నెలలూ, ఆ తర్వాత ఏళ్ళ తరబడీ, చెల్లెలికి జడలేసి బడికి పంపింది అక్కే.

చెల్లెలు పుస్తకం చివరి పేజీలో ఆపే తేదీ వేసింది. దాని కింద మళ్ళీ మొదలుపెట్టే తేదీ వేసి సంతకం పెట్టింది.

"అప్పటికీ నాడి దిగకపోతేనో?" అంది అక్క.

"ఇంకో తేదీ వేస్తాను. తేదీ వెయ్యకుండా మాత్రం ఆపించను."

అక్క ఆ తేదీని రెండుసార్లు చదువుకుంది. తర్వాత పెన్ను తీసుకుని అరవై కొట్టేసి డెబ్బై ఎనిమిది వేసింది. నిన్నటిది డెబ్బై ఏడు. మొన్నటిది డెబ్బై ఆరు. దిద్దుకుంటూ వెనక్కి పోయింది, ఒక్క అంకె కూడా మరిచిపోలేదు. అంతా అయ్యాక కింద కూర్చుని, పిల్ల లేవకుండా కాలికున్న బూటు విప్పింది.