బెంగళూరు దారిలో తప్పిపోయిన చంద్రకళ

"నేను చచ్చిపోయినానని రాసింది ఎవురు?"

గోడౌను తలుపు దగ్గర నుంచి వచ్చిన ఆ గొంతుకి లోపలున్న ముగ్గురూ ఒకేసారి తలలు తిప్పారు. బయట వాన. తలుపులో ఒక అమ్మాయి. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో వచ్చి, బస్టాండు నుంచి ఇక్కడిదాకా కోపంతో నడిచి వచ్చినవాళ్లకు గొడుగు తెరవడం గుర్తుండదు కదా.

తడిసి ముద్దయిన పిల్లకు ముందు తల తుడుచుకోవడానికి బట్ట ఇవ్వాలని ఆ ముగ్గురు మగవాళ్లలో ఒక్కడికీ తోచలేదు. మెకానిక్ ఇమాం సాబ్ చేతిలోని స్పానరు జారి కింద పడింది. టైపు ఇన్‌స్టిట్యూటు ఇశ్రాయేలు మిషను మీది నుంచి వేళ్లు తీసేశాడు. జిన్నింగు మిల్లు గుమాస్తా దేవేంద్రప్ప మాత్రం లేచి నిలబడి, నోరు తెరిచి, ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

"మీరు... చంద్రకళగారా?"

"మొన్నటిదాకా. ఇప్పుడు కీర్తిశేషులు" అని ఆమె చేతిలోని కాగితం అతని ముఖం ముందు ఆడించింది.

దేవేంద్రప్పకు నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. నాలుగు రోజులుగా అన్నం సహించని మనిషి, మూతి చెవులదాకా సాగదీసి నవ్వాడు.

"చచ్చిపోయినానంటే నవ్వుతావేమప్పా?"

"బతికే ఉన్నారు గదా, అందుకు!"

ఆ కాగితం పేరు 'గగనం'. పదిహేను రోజులకొకసారి ఈ ముగ్గురు స్నేహితులూ సైక్లోస్టైల్ తీసి పోస్టులో పంపేవాళ్లు. ఎనభై నాలుగో సంవత్సరం నాటికి దానికి ముప్పై ఒక్కమంది సభ్యులు. దేవనకొండలో, హొళగుందలో, ఇంకా ఎక్కడెక్కడి పల్లెల్లోనో. సభ్యులంతా పైలట్లే. ఒక్కరు కూడా విమానం ఎక్కలేదు. ఆదివారం పది గంటలకు ఎవరింట్లో వాళ్లు మంచం మీదో, కుర్చీలోనో కూర్చుని, ముందు మ్యాపూ పక్కన గడియారమూ పెట్టుకుని ఎగిరేవాళ్లు. బొంబాయికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ లేవకూడదు. దిగాక, ఎంత ఎత్తున పోయారో, గాలి ఎటు కొట్టిందో, కింద ఏం కనిపించిందో కార్డు మీద రాసి పంపాలి. బాగున్నవి 'గగనం'లో అచ్చవుతాయి.

నియమాలు మూడు. ఒకటి, ఆట అనే మాట ఎక్కడా రాయకూడదు. రెండు, గురువారంలోగా కార్డు రాకపోతే ఆ విమానం తప్పిపోయినట్టే. మూడోది తర్వాత వస్తుంది.

చంద్రకళ ఎనిమిది నెలలుగా సభ్యురాలు. తొమ్మిదో తరగతిలో బడి మానిపించి మగ్గం గుంటలో కూర్చోబెడితే, ఆ గుంటలోనే కాళ్లకింది తొక్కుడు చెక్కలను విమానం పెడళ్లనుకుని నలభై ఆరు గంటలు ఎగిరింది. పోయిన వారం ఆదివారం బెంగళూరు వెళ్లి క్షేమంగా దిగింది కూడా. కార్డు పోస్టులో వేయమని వాళ్లమ్మ శాంతమ్మకిస్తే, ఆమె దాన్ని సజ్జపిండి డబ్బా కింద పెట్టి మరిచిపోయింది.

"గురువారం దాకా చూసినాం" అన్నాడు ఇశ్రాయేలు తప్పు చేసిన పిల్లాడిలా. "శుక్రవారం పొద్దున కూడా చూసినాం. ఈ దేవేంద్రప్ప పోస్టాఫీసు మెట్ల మీదనే కూచున్నాడు."

"చూసి? 'అనంతపురం మీదుగా పోతూ, ఎమ్మిగనూరు మగ్గం దుర్గప్పగారి కుమార్తె చంద్రకళ విమానంతో సహా కనుమరుగైనారు' అని రాస్తారా? దీన్ని హొళగుందలో మీ సభ్యుడు బడి గోడకు అంటించినాడు. ఆ ఊర్లోనే నాకు సంబంధం మాట్లాడినారు. వాళ్లు చదువుకుని, ఏడ్చుకుని, నిన్ననే ఇంకో పిల్లకు తాంబూలాలు ఇచ్చేసినారు!"

దేవేంద్రప్ప నవ్వు మళ్లీ చెవులదాకా పోబోయింది. ఇమాం సాబ్ అతని కాలు తొక్కాడు.

అంతలో తల మీద కండువా కప్పుకుని, రొప్పుతూ దుర్గప్ప లోపలికి వచ్చాడు. కూతురు కోపంతో నడిచిన వేగాన్ని ఆయన మోకాళ్లు అందుకోలేకపోయాయి.

"ఎవురప్పా నా బిడ్డను చంపింది?"

"ఎవరూ చంపలేదు పెద్దాయనా. గాలి బాగలేక..." అని ఇశ్రాయేలు మొదలుపెట్టి ఆపేశాడు.

"నాకవన్నీ తెలీదు. చచ్చిన పిల్లను ఎవురు చేసుకుంటారు? బతికుండాదని ఇప్పుడే రాసియ్యండి. నాలుగూళ్లలో పంచుతా."

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. మూడో నియమం ఇశ్రాయేలు చెప్పాడు: తప్పిపోయిన పైలటు తిరిగొచ్చినట్టు రాయాలంటే, ముగ్గురు సభ్యుల ఎదుట విమానాన్ని నేలకు దించాలి. ఒక ప్రయాణికుడన్నా ఉండాలి.

"నా బిడ్డ మీ ముందరే నిలబడుండాది గదప్పా!"

"నిలబడింది మనిషి, అన్నా" అన్నాడు ఇమాం సాబ్ చాలా మర్యాదగా. "విమానం యాడ?"

జవాబు చంద్రకళ ఇచ్చింది.

"అదేందో ఇప్పుడే దించుతా. ఎక్కు నాయనా."

గోడౌను మధ్యలో వాళ్ల విమానం ఉంది. కొత్త పత్తి వచ్చేదాకా గోడౌనులో ఓ మూల పాత బేళ్లు తప్ప ఏమీ ఉండవు కాబట్టి మిల్లు యజమాని ఏమీ అనలేదు. జానెడు ఎత్తు చెక్క మీద ముందొకటి వెనకొకటి పాత బస్సు సీట్లు రెండు, ముందుదాని దగ్గర లారీ స్టీరింగు, డబ్బా మూతల మీద రంగులతో గీసిన మీటర్లు, ఎదురుగా పెద్ద ఫ్యాను. పైన దూలానికి తలకిందులుగా వేలాడేది ఆసుపత్రి గ్లూకోజు సీసా. అందులోని నీళ్లే ఇంధనం. గొట్టంలో నుంచి చుక్క చుక్క బకెట్లోకి పడుతుంది. అయిపోతే విమానం కూలినట్టే. అలా కూలినవాళ్లను మళ్లీ బతికించే నియమం లేదు.

ఇమాం సాబ్ సీసా నింపుతుండగా, ఎట్టకేలకు దేవేంద్రప్పకు బుద్ధి పుట్టి తన తువాలు తెచ్చి ఆమెకిచ్చాడు. ఆమె జుట్టు తుడుచుకుంటూ కాగితంలో చివరి వరుస చూపింది.

"'ఆమె లేని ఆకాశం వట్టి బయలు.' ఇది రాసిందెవురు?"

"అది... సంఘం తరఫున."

"ఈడ సిరా చెదిరింది. సంఘం ఏడ్చిందా?"

"కొంచెం."

"ముగ్గురూ ఏడ్చినారా, ఒక్కరేనా?"

"సీసా నిండింది!" అని అరిచి దేవేంద్రప్ప పత్తి బేళ్లెక్కి పారిపోయాడు. ఆ బేళ్ల పైభాగమే కంట్రోల్ టవర్. రేకు గొట్టం నోటికి పెట్టుకున్నాడు.

"అనంతపురం మీదుండే విమానం, వినపడతాందా?"

దుర్గప్ప సీటు వైపు అడుగు వేసి ఆగాడు. "ఏందీ, ఇది అప్పుడే గాల్లో ఉండాదా?"

"పోయిన వారం నుంచీ గాల్లోనే ఉండాది అన్నా. ఆడనే గదా తప్పిపోయింది" అన్నాడు ఇమాం సాబ్. "మెల్లిగా ఎక్కు. పన్నెండు వేల అడుగులు."

దుర్గప్ప నవ్వబోయాడు. ఎవరూ నవ్వడం లేదు. చెక్క మీద కాలు పెట్టేముందు, ఎందుకో తనకే తెలియకుండా, ఒకసారి కిందికి చూశాడు. ఎక్కి కూర్చుని బెల్టు కట్టించుకున్నాడు. ముందు సీట్లో స్టీరింగు పట్టుకున్న బిడ్డకు కట్టారో లేదోనని వంగి అది కూడా లాగి చూశాడు.

ఫ్యాను తిరిగింది. ఇమాం సాబ్ వెనక నుంచి సీట్లు ఊపాడు. పైన రేకుల మీద అసలు వానే దడదడలాడింది. అయిదు నిమిషాలకు దుర్గప్ప ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు. పది నిమిషాలకు కళ్లు మూసుకున్నాడు.

"టవర్, కళ మాట్లాడుతాండా. గుంతకల్లు దాటినాం. కింద మబ్బులు దూది ఏకి ఆరబోసినట్టుండాయి."

ఆ మాటలు కార్డు మీద చదవడం వేరు, గొంతులో వినడం వేరు. రేకు గొట్టంలో దేవేంద్రప్ప నిట్టూర్పు గోడౌనంతా వినిపించింది.

"టవర్, అదేం శబ్దం?"

"గాలి."

పదిహేనో నిమిషానికి ఆదోని కొండలు కనిపించాయని ఆమె చెప్పింది. దిగడానికి అనుమతి ఇచ్చారు.

"ఇప్పుడు దిగను" అంది చంద్రకళ.

"ఎందుకు?" టవర్ కంగారుపడింది.

"నేను దిగితే బతికుండానని రాసిస్తారు. నాయన ఆ కాగితం పట్టుకుని ఇంకో ఊర్లో ఇంకో సంబంధం మాట్లాడతాడు. అందుకే, ఆకాశం వట్టి బయలని రాసిందెవరో తెలిసేదాకా దిగను. ఊరి చుట్టూ తిరుగుతాంటా."

ఆమె స్టీరింగు పక్కకు తిప్పింది. ఇమాం సాబ్ నిజాయితీపరుడు కాబట్టి సీట్లను అటే వంచాడు.

"మ్మే కళా! ఏం చేస్తాండావే!" దుర్గప్ప కళ్లు తెరిచాడు.

"సీసాలో మూడు వేళ్ల నీళ్లే ఉండాయి!" ఇశ్రాయేలు కేకేశాడు.

"యోవ్ టవరూ! బిడ్డ ఏందో అడుగుతాంది గదప్పా, చెప్పరాదా!"

పత్తి బేళ్ల మీద దేవేంద్రప్ప లేచి నిలబడ్డాడు. కళ్ల ముందు సీసా చుక్క చుక్కగా ఖాళీ అవుతోంది. ఇవాళ ఈమె కూలిపోతే 'గగనం'లో మళ్లీ ఆమె పేరు రాయకూడదు, ఆమె కార్డు మళ్లీ రాదు. రేకు గొట్టం పక్కన పెట్టి అరిచాడు.

"నేనే రాసినా! సంఘం లేదు, ఏం లేదు, నేనే ఏడ్చినా. మీ కార్డులన్నీ నా దగ్గరే ఉండాయి. శుక్రవారం నుంచి అన్నం తినలేదు. మిమ్మల్ని తప్ప ఇంకొకరిని చేసుకోను. మామా, మీ బిడ్డను నాకిస్తారా?"

"మామా?" దుర్గప్ప సీట్లోనే తిరగబోయాడు, బెల్టు ఆపింది. "ఇది గాల్లో అడిగే మాటనా?"

"నేల మీద అడిగితే కొడతారు గదా!"

"రెండు వేళ్లు!" ఇశ్రాయేలు.

ప్రాణం మీదికొచ్చినా, పిల్లనిచ్చే తండ్రి అడగవలసినవి అడగకుండా ఉండగలడా? దుర్గప్ప రెండు చేతులా కమ్మీ పట్టుకుని, పైకి చూస్తూ అరిచాడు.

"ఎవురింటోళ్లప్పా మీరు?"

"మగ్గాలోళ్లమే! మా నాయన ఎమ్మిగనూరు సొసైటీలోనే నేసేవాడు!"

"అట్లనా! బీడీలు తాగుతావా?"

"లేదు!"

"పేకాట?"

"తీరిక లేదు మామా, ఆదివారమంతా ఇదే!"

"మీయమ్మ ఒప్పుకుంటాదా?"

"కార్డులన్నీ మా అమ్మ చదివించుకునింది! ఈ పిల్ల ఎప్పుడొస్తాదని అడుగుతాంది!"

"ఒక్క వేలు! అన్నా, తొందరగా!" ఇశ్రాయేలుకు ఏడుపు గొంతు వచ్చేసింది. ఇమాం సాబ్ సీట్లు ఊపడం ఆపకుండానే దువా చేశాడు.

దుర్గప్ప కూతురి వైపు తిరిగాడు. అంత గందరగోళంలోనూ ఆమె చేతులు స్టీరింగు మీద నిదానంగా ఉన్నాయి. మగ్గం మీద తెగిన పోగు అతికేటప్పుడు ఉన్నట్టు.

"నీకిష్టమేనా మే?"

"ఇష్టం లేకుంటే ఎప్పుడో దిగిపోయి ఉందును, నాయనా."

"ఇచ్చినా!" దుర్గప్ప కేక రేకుల మీద వానను మించింది. "ఇచ్చినాను పోప్పా! తల్లీ, ముందు నేలకు దించు!"

ఆమె దించింది. ఇమాం సాబ్ సీట్లను రెండుసార్లు ఎత్తి కుదేసి, మెల్లగా వదిలాడు. ఫ్యాను ఆగింది. సీసాలో చివరి చుక్క బకెట్లో పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

దేవేంద్రప్ప బేళ్ల మీద నుంచి జారుతూ, పడుతూ వచ్చి కాస్త దూరంలో నిలబడ్డాడు. దుర్గప్ప బెల్టు విప్పుకుని చుట్టూ చూశాడు. పాత బస్సు సీటు. లారీ స్టీరింగు. డబ్బా మూతలు. గోడౌను గోడలు ఉన్నచోటే ఉన్నాయి. ఆయన ముఖంలో భయం కొంచెం కొంచెంగా దిగిపోయి, దాని వెనక అసలు మనిషి బయటికి వస్తున్నాడు. చంద్రకళ తువాలు అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇది యాడికీ పోలేదు గదా?" అన్నాడు చివరికి.

"లేదు మామా" అన్నాడు దేవేంద్రప్ప. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఎంత ఎత్తులో ఉన్నప్పుడు నేను మాటిచ్చింది?"

చంద్రకళ చెప్పింది: "నాలుగు వేల అడుగులు, నాయనా. దిగేకి వస్తాంటిమి గదా."

దుర్గప్ప చాలాసేపు తలూపాడు.

"అంత ఎత్తున ఇచ్చిన మాట, కిందికొచ్చినాక మార్చుకునేది బాగుండదు."

అని లేచి, ఆ జానెడు చెక్క మీద నుంచి దిగడానికి అల్లుడి భుజం పట్టుకున్నాడు.