దాదీ కాలిమిషను

"దాదీ, అది చేత్తో తిప్పేది కాదు, కాలితో తొక్కేది!" అంటూ సాజిదా పకపకా నవ్వింది. పక్కన నిలబడిన ఆమె స్నేహితురాలు చౌడేశ్వరి కూడా నవ్వింది.

సాజిదా నాయనమ్మ దిల్షాద్‌బీ చక్రం మీద నుంచి చెయ్యి తీసేసింది. బట్టలు కుట్టే పాత చేతిమిషను పాడైతే, సాజిదా నాన్న ప్రొద్దుటూరు నుంచి ఈ కొత్త కాలిమిషను బస్సు మీద తెచ్చాడు. జమ్మలమడుగులో వాళ్ల వీధికంతా కాలిమిషను అదొక్కటే. దాదీ దాన్ని కూడా చేత్తోనే తిప్పుతోంది. పని సాగడం లేదు. చౌడేశ్వరికేమో రేపు బడిలో నాటకం. తను రాణి. ఆ వేషానికి దాదీ కుడుతున్న పావడ ఇంకా సగం కూడా కాలేదు.

"అన్నం పెట్టేదాన్ని కాలితో తొక్కుతారా? నా మనసొప్పదు. నవ్వుకోండి, ఇంక నేను దీని ముందర కూర్చోను," అంది దాదీ. మిషను మీద దుప్పటి కప్పి పెరట్లోకి వెళ్లిపోయింది.

చౌడేశ్వరి ముఖం చిన్నబోయింది. "మరి నా పావడ?"

"అదెంత పని! నేను కుడతా సూడు."

సాజిదా దుప్పటి లాగేసి, కింది పలక మీద రెండు కాళ్లూ పెట్టి గట్టిగా తొక్కింది. నవ్వినంత సులువా తొక్కడం? చక్రం వెనక్కి తిరిగింది. దారం పుటుక్కున తెగి ఉండ చుట్టుకుంది. మళ్లీ తొక్కితే మళ్లీ అంతే.

"ఏందే, నీకూ రాదా?" చౌడేశ్వరి ఫక్కున నవ్వింది.

సాజిదాకు చెవులు వేడెక్కాయి. లేచి పారిపోవాలనిపించింది. ఇందాక దాదీకీ ఇలాగే ఉండి ఉంటుంది. పాపం, అదీ బయటి పిల్ల ముందు. సాజిదాకు చాలా సిగ్గేసింది.

"మీ అమ్మ రోజంతా మగ్గం తొక్కుతాది గదా, తప్పనిపించదా?" అని అడిగింది.

"తప్పేంది? పొద్దున్నే కాళ్లు కడుక్కొని, మగ్గానికి మొక్కుకొని, కాళ్లు పెట్టే గుంటలోకి దిగుతాది. కాళ్లు ఆడకుంటే చీర యాడ నుంచి వస్తాది?"

సాజిదా చెంబుతో నీళ్లు తీసుకొని పెరట్లోకి వెళ్లింది. దాదీ కాళ్ల దగ్గర కూర్చుంది.

"తప్పయింది దాదీ. నేను తొక్కితే దారం తెగిపాయ. నీ కాళ్లు కడుగుతా, రా. చౌడి వాళ్లమ్మ ఇట్లే కడుక్కొని మగ్గం తొక్కుతాదంట."

సాజిదా నీళ్లు పోసింది. దాదీ పాదాల మీద పడుతున్న నీళ్లను చూసింది.

"నమాజుకు ముందర కడుక్కునే కాళ్లే గదా ఇవి," అంది మెల్లగా. "అల్లా ముందర నిలబడే కాళ్లు మిషనుకు పనికిరావా?"

లోపలికి వచ్చి మిషనుకు సలాం చేసింది. చక్రాన్ని చేత్తో ఒక తోపు తోసి, పలక మీద పాదం ఆనించింది. గడగడా కుట్లు పడ్డాయి. అంతలో కాలు తడబడి, దారం తెగింది.

దాదీ బెదురుగా పిల్లల వైపు చూసింది. చౌడేశ్వరి నవ్వబోతే సాజిదా ఆమె చెయ్యి గిల్లింది. తనే సూదిలో మళ్లీ దారం ఎక్కించింది.

"తొక్కు దాదీ. పొద్దుగూకే లోపల పావడ అయిపోతాది," అంది.