పాత కాపీ

మా ఆఫీసులో సర్వర్లకి ఎవరి చుట్టాల పేర్లు వాళ్లు పెట్టుకుంటారు. సర్వర్లంటే కంటికి కనబడే పెట్టెలేం కావు. ఎక్కడో ఉన్న ఒక పెద్ద యంత్రం కడుపులో నడిచే చిన్న చిన్న ఉత్తుత్తి యంత్రాలు. “మీ అత్తగారు మళ్లీ మొరాయించింది”, “మా మామయ్యని ఎవరైనా లేపండర్రా” అని రోజంతా ఒకటే జోకులు. నా వాటికి నేను బాబాయి, చెల్లి అని పెట్టాను. నాకున్నది వాళ్లిద్దరే మరి. అమ్మానాన్నా పోయాక మమ్మల్ని పెంచింది బాబాయే.

ఆ సాయంత్రం మా పిసినారి మేనేజరు, “పనీపాటా లేకుండా పడున్నవన్నీ తీసేయ్” అని హుకుం జారీ చేసి, గొడుగేసుకుని వెళ్లిపోయాడు. ఒక్కోదాన్నీ చేత్తో తీసే ఓపిక నాకెక్కడిది? దానంతటదే వెతికి తీసేసే స్క్రిప్టు ఒకటి రాసి, నడిపించి, టీ తెచ్చుకున్నాను. బయట కుండపోత. హాల్లో నేనొక్కదాన్నే. ఏసీ రొద తప్ప ఇంకో చప్పుడు లేదు.

తెర మీద మొదటి వరస పడింది. “బాబాయి: తొలగించాను.”

టీ సగం కూడా తాగలేదు, ఇంటి నుంచి చెల్లి ఫోను.

“అక్కా... బాబాయి పలకట్లేదక్కా. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే... ఒళ్లంతా చల్లగా ఉంది...”

టీ కప్పు అక్కడే పడేసి లేచాను. అంతలో తెర వైపు చూశాను.

“చెల్లి: తొలగిస్తున్నాను.”

“అక్కా, ఇక్కడ ఏదో... నా చేతులు...”

ఆపే మీట నొక్కాను. మళ్లీ నొక్కాను. వైరు పీకేశాను. పీకితే ఏం లాభం, నా బొంద! అది నడిచేది నా దగ్గర కాదు, ఎక్కడో... ఫోన్లో మాట ఆగిపోయింది. ఊపిరి చప్పుడు కూడా లేదు.

పోయిన సర్వర్ని పాత కాపీ నుంచి మళ్లీ లేపొచ్చు. వైరు పెట్టి వెతికాను. చెల్లిది ఎండాకాలంలో తీసిన కాపీ ఒకటుంది. బాబాయిది అసలు తీయనే లేదు, నా బద్ధకం తగలెయ్య! పిచ్చి పనేనని తెలుసు. అయినా చేశాను.

“చెల్లి: లేచింది.”

ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది.

“ఏంటక్కా?” హుషారుగా ఉంది గొంతు.

“బాబాయి...?”

“కుర్చీలో కునుకు తీస్తున్నాడు. అబ్బ, ఏం ఎండలక్కా ఇవి!”

కిటికీ మీద వాన దబదబా కొడుతోంది.

ఇంటికి ఎలా వచ్చి పడ్డానో తెలీదు. తలుపు చెల్లే తీసింది. దాన్ని గట్టిగా వాటేసుకుని భోరుమన్నాను. చేతికి జడ తగిలింది. పొడుగాటి జడ... పోయిన వారమే అది జుట్టు మెడ దాకా కత్తిరించుకుని వస్తే నానా తిట్లూ తిట్టాను.

“ష్... మెల్లగా అక్కా,” అని గుసగుసలాడింది. “బాబాయి నిద్రపోతున్నాడు.”

బాబాయి తల పక్కకి వాలి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కాళ్ల మీద దుప్పటి శ్రద్ధగా కప్పి ఉంది.

అప్పుడు ఎవరో తలుపు తట్టారు.

“అక్కా... తలుపు తియ్యక్కా. తడిసిపోయాను.”

చెల్లి గొంతు. బయట నుంచి.

చేతిలో ఫోను కుయ్యిమంది. స్క్రిప్టు పంపిన మెసేజి. “చెల్లి పేరుతో రెండున్నాయి. ఏది తొలగించాలి?” అలా అడగమని నేను రాయలేదు. ఒట్టు.

ఫోను బల్ల మీద పడేసి పరిగెత్తాను. గడియ మీద చెయ్యి వేసేలోగా తట్టడం ఆగిపోయింది. తీశాను. ఎవరూ లేరు... గడప మీద తడి తడిగా క్లిప్పు ఒకటి. పొట్టి జుట్టుకని మొన్నే కొనుక్కుంది.

వెనక్కి తిరిగాను. నా ఫోను చెల్లి చేతిలో ఉంది.

“ఒకళ్లే ఉండాలి కదక్కా?” అంది, జడ ముందుకేసుకుంటూ.