లిఫ్టు గది పక్కన యాంటెన్నా

ఆ అయిదంతస్తుల భవనం మేడ మీద లిఫ్టు గది ఒకటుంది చూశారూ — చీకటి పడ్డాక దాని ఛాయలకి ఎవరూ వెళ్లరు. లిఫ్టు ఆగిపోయి ఏడేళ్లు. మోటారు కూడా ఊడదీసి పట్టుకుపోయారు. ఉత్త ఖాళీ గది. కానీ ఏడాదిగా, అర్ధరాత్రి దాటాక అందులోంచి ఆడగొంతు… గుసగుసగా… "జాగ్రత్త… జాగ్రత్త…" అంటుందట.

ఆరేసిన బట్టల కోసం ఓ రాత్రి పైకెళ్లిన మూడో అంతస్తు నర్సు, బకెట్టు అక్కడే పారేసి మెట్లు దూకుతూ కిందికొచ్చింది. రెండు రోజులు జ్వరం. ఆవిడే నాకు స్వయంగా చెప్పింది, నమ్మకపోతే మీ ఖర్మ.

అలాంటి చోటికి అదే భవనంలో ఉండే మన టైలరు మాస్టారు వరసగా ఆరు రాత్రులు వెళ్లాడు. ధైర్యం ఉండి కాదు. గతిలేక.

ఆయన కూతురు విమానం నడుపుతుంది. సరుకుల విమానం. "ఆ ఉద్యోగంలో చేరితే మళ్లీ నా గడప తొక్కకు" అన్నాడు ఈ మహానుభావుడు. పిల్ల చేరింది. గడప తొక్కలేదు. తల్లి ఆ రోజే పక్క ఎత్తుకుని కూతురి గదిలోకి మారిపోయింది. ఇంట్లో ఆ పిల్ల పేరు ఎత్తకూడదని రూలు పెట్టిందీ ఈయనే.

ఏడాది తిరిగేసరికి కూతురి గొంతు వినకుండా ఉండలేకపోతున్నాడు. భార్య ఫోన్లో మాట్లాడుతుంటే చెవి అటు పడేశాడు. రోజూ రాత్రి ఒంటిగంట పదికి పిల్ల విమానం ఊరి అంచు మీదుగా పోతుందట. ఇంకో వారమే. ఆ తర్వాత వేరే దారి. ఫోన్ చెయ్యొచ్చు కదయ్యా అంటే — అభిమానం!

రేడియోలు బాగుచేసే ముసలాయన దగ్గర పాత రేడియో స్కానరు కొన్నాడు. యాంటెన్నా బాగుంటే విమానాల మాటలు అందులో వినపడతాయి.

"ఏముంది మాస్టారూ, రెండు రాగి తీగలు. ఒక్కోటి ఇరవై మూడు అంగుళాలు. కేబులు నడిమి తీగ ఒకదానికి, పైన అల్లిన జాలీ రెండోదానికి. ఆ రెండూ ఒకదానికొకటి తగలకూడదు. తర్వాత…"

"నాకా కొలతలు చెప్తున్నావు!" అని మిగతాది వినకుండానే వచ్చేశాడు.

మొదటి రాత్రి — సుయ్‌మని చప్పుడు. రెండో రాత్రి — సుయ్. మూడో రాత్రి అనుమానమొచ్చి టేపు పెట్టి చూస్తే, ఒక్కో తీగ ఇరవై అయిదంగుళాలు! ముప్ఫై ఏళ్లుగా గుడ్డ కత్తిరించిన చెయ్యి కదా, తనకు తెలియకుండానే కుట్టుకి రెండేసి అంగుళాలు వదిలేసింది. తల బాదుకుని కత్తిరించాడు. నాలుగో రాత్రి జాలీ పోగు ఒకటి వెళ్లి నడిమి తీగకి తగిలింది. అయిదు… ఆరు… ఏదో మాట వచ్చినట్టే వచ్చి, సుయ్‌లో కలిసిపోయింది.

"దీని దుంప తెగ!"

ఏడో రాత్రి. ఇదే ఆఖరు.

చెప్పులు చేత్తో పట్టుకుని, భార్య పడుకునే గది తలుపు ముందు నుంచి పిల్లిలా దాటాడు. మేడెక్కి, రోజూ లాగే యాంటెన్నాని బట్టల తీగ వెంట అడ్డంగా పరిచి క్లిప్పులు పెట్టాడు. ఒంటిగంట నాలుగు. సుయ్… ఒంటిగంట ఏడు. సుయ్…

"ఛీ! వెధవ బతుకు!" కళ్లలో నీళ్లు తిరిగాయి. స్కానరు నేలకేసి కొట్టబోయాడు —

లిఫ్టు గదిలోంచి… గుసగుస.

"నిలువుగా…"

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"నిలువుగా… పెట్టాలి…"

ఇంకొకరైతే అక్కడే గుండాగి చచ్చేవారు. మాస్టారికి భయం కన్నా ముందు కోపం తన్నుకొచ్చింది. "ఆరు రాత్రులు చూస్తూ కూర్చుని ఇప్పుడా చెప్పేది!" అని దెయ్యం మీదే విరుచుకుపడ్డాడు.

గడియారం చూస్తే ఒంటిగంట ఎనిమిది.

గబగబా మూలనున్న చీపురుకర్రకి తీగలు కట్టాడు — ఒకటి పైకి, ఒకటి కిందికి. కర్ర నిలువుగా పట్టుకున్నాడు. ఒంటిగంట పది.

సుయ్ తెగిపోయింది. గొంతు! ఏవో అంకెలు, గబగబా, ఎక్కడా తడబడకుండా… తన పిల్లే. చివర్న — "గుడ్ నైట్." కాస్త ఆగి, "గుడ్ నైట్." మళ్లీ ఆగి… "గుడ్ నైట్."

అదే గొంతు, అవే మాటలు, అదే క్షణాన… వెనక లిఫ్టు గదిలోంచి కూడా!

ఆ వెంటనే — "జాగ్రత్త తల్లీ… జాగ్రత్త…"

తలుపు కిర్రుమంది. మాస్టారు టార్చి వేశాడు. లోపల ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో… ఆయన భార్య. ఒళ్లో చిన్న స్కానరు. వెనక గోడకి నిలువుగా రెండు రాగి తీగలు, కుట్టుకి ఏమీ వదలకుండా.

"నువ్వా… ఏడాది నుంచీ?"

"ఇంట్లో దాని పేరెత్తొద్దన్నారుగా. ఇక్కడికొచ్చి ఎత్తుకుంటున్నాను." స్కానరులోంచి పీకేసిన ఇయర్‌ఫోన్ వేలికి చుట్టుకుంటూ అంది. "ఆరు రాత్రులూ ఊపిరి బిగబట్టి మీ అవస్థ చూశాను. ఇవాళ ఆఖరు కదా… ఉండబట్టలేదు."

మాస్టారు గుమ్మంలో కూలబడ్డాడు. చీపురుకర్ర మాత్రం వదల్లేదు.

"మూడుసార్లు చెప్పిందేమే గుడ్ నైటు?"

"మొదటిది కింద విమానాశ్రయం వాళ్లకి. రెండోది రోజూ నాకు."

"మరి మూడోది?"

ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"మీ నాన్న మేడ మీద తీగలతో కుస్తీ పడుతున్నాడని సాయంత్రం దానికి ఫోన్లో చెప్పాను."