ఉద్దేశపూర్వకం

2081 నాటికి విశాఖపట్నంలో బట్టల కొట్టుకి వెళ్లేవాళ్లు లేరు. ప్రతి ఇంట్లోనూ నాలుగైదు మారువస్త్రాలు ఉండేవి. బూడిదరంగులో ముతక దుప్పటిలా కనిపించే ఆ గుడ్డని ఒంటికి చుట్టుకుంటే చాలు, లిరాంత కంపెనీ సర్వర్ల నుంచి ఆ రోజు నేత, రంగు, అంచు దిగివచ్చి నిమిషంలో అది పట్టుచీరో, కోటో, పెళ్లి పంచెల చాపో అయిపోయేది. నూట పది దేశాల్లో అదే తంతు. సర్వర్లతో సంబంధం తెగితే మాత్రం కోటీశ్వరుడికైనా కూలివాడికైనా మళ్లీ బూడిదరంగే.

రుషికొండ దగ్గర సముద్రం అడుగున ఉన్న ఆ సర్వర్లు తొంభై ఏళ్లనాటి లినక్స్ మీదే నడిచేవి. లినక్స్‌లో సర్వాధికారి పేరు రూట్. రూట్‌గా లోపలికి వెళ్లినవాళ్లు ఏం చెయ్యమంటే అది చేస్తుంది, ఎందుకని మాత్రం అడగదు. ఆ అడగకపోవడమే పదకొండేళ్ల క్రితం తరళ కొంప ముంచింది.

అప్పట్లో ఆమె లిరాంతలోనే సర్వర్ల నిర్వాహకురాలు. పైఅధికారి చక్రధర్. కొత్త రుతువు నేతలు విడుదలయ్యే రోజు సర్వర్లు నత్తనడక నడుస్తుంటే అతను కారిడార్‌లో ఎదురొచ్చి, కాఫీ కప్పు చేత్తో పట్టుకునే చెప్పాడు.

"ఆ కావలి పొర ఉంది చూడమ్మా, అది ప్రతిదాన్నీ ఆపి తనిఖీ చేస్తోంది. దాన్ని ఉత్తినే రాసుకునే పద్ధతిలో పెట్టెయ్. రెండు గంటలే కదా."

"కాగితం మీద ఇస్తారా సార్?"

"అబ్బే, నేను చెబుతున్నానుగా!"

కావలి పొరకి రెండు పద్ధతులుంటాయి. ఒకదాంట్లో అనుమానం వస్తే అక్కడికక్కడే ఆపేస్తుంది. రెండోదాంట్లో ఎవరు వచ్చారో పుస్తకంలో రాసుకుని ఊరుకుంటుంది. తరళ రెండోదాంట్లో పెట్టింది. పది నిమిషాలకే అతను ఆమెని ఇంకో పని మీద గాజువాక పంపించాడు. తిరిగొచ్చేసరికి నాలుగు కోట్లమంది ఒంటి కొలతలు దొంగల పాలయ్యాయి. విచారణలో చక్రధర్ కళ్లు పెద్దవి చేసి, "నేనలా అనలేదే!" అన్నాడు. రికార్డులో ఉన్నది ఆమె పేరొక్కటే. నివేదికలో ఆ పేరు పక్కన ఒక్క మాట రాశారు: ఉద్దేశపూర్వకం.

పొరపాటు అని రాసి ఉంటే ఆర్నెల్లలో ఇంకో ఉద్యోగం దొరికేది. ఆ మాట రాశాక ఏ కంపెనీ ఆమెని రూట్ దరిదాపులకి రానివ్వలేదు. బడుల్లో పాత కంప్యూటర్లు బాగుచేసుకుంటూ బతికింది. పొద్దున్నే లేచి మొహం కడుక్కునేటప్పుడు చక్రధర్‌ని తలుచుకుని పళ్లు నూరేది. ఎప్పటికైనా ఆ మాట అతని పేరు పక్కన రాయించాలి, అదీ అదే సర్వర్ చేత రాయించాలి. అంతకు మించి ఆమెకి జీవితంలో ఏ కోరికా మిగల్లేదు.

ఆ కక్షలోంచే పుట్టింది సంకల్పమాపని. నాడీ శాస్త్రవేత్త యోహాన్ ఆమెకి భాగస్వామి. శ్రీకాకుళం మనిషి, అరవై దాటినవాడు. మనిషి కీబోర్డు మీద వేళ్లు పెట్టగానే చర్మంలోని తడి, నాడి, కీ నొక్కే ముందు కండరంలో పుట్టే సన్నని వణుకు, అన్నీ కలిపి ఆ యంత్రం తూకం వేసేది. చెయ్యబోయే పని వెనక మోసమో పగో ఉంటే రూట్ తలుపు తెరిచేది కాదు.

అయితే యంత్రానికి ముందు పగ అంటే ఏమిటో నేర్పాలి. జీతానికి వచ్చిన నటులు ఎంత కోపం ప్రదర్శించినా అది నమ్మలేదు. ఏడాది పాటు ప్రయోగాలన్నీ విఫలమయ్యాయి. ఒక మధ్యాహ్నం యోహాన్ భోజనానికి వెళ్లినప్పుడు తరళ కుర్చీలో కూర్చుని, కీబోర్డు కింది కొలత పలక మీద చేతులు పెట్టి, చక్రధర్ మొహం గుర్తుచేసుకుంది. తిరిగొచ్చి గీతలు చూసిన యోహాన్ నోరు తెరిచేశాడు.

"ఏటమ్మా ఇది! ఇంత స్వచ్ఛమైన పగ నాను పుట్టి బుద్ధెరిగాక సూడనేదు. ఎవరిదీ నమూనా?"

"ఒక వాలంటీరుదండీ. వెళ్లిపోయింది."

"ఇదే గీటురాయిగా పెట్టేద్దుం. గానీ ఆ మనిసిని మాత్రం ఏ కీబోర్డు కాడికీ రానీకు తల్లీ."

తరళ నవ్వింది. తనలో ఉన్నది పగ అని ఆమె ఏనాడూ అనుకోలేదు. పగ పెంచుకునేవాళ్లు వేరే ఉంటారనీ, తను అడుగుతున్నది న్యాయమనీ ఆమె నమ్మకం.

ఆరేళ్లకి యంత్రం సిద్ధమైంది. దాన్ని మొట్టమొదట కొన్నది లిరాంతే. వాళ్లు యంత్రం తాలూకు పత్రాలన్నీ భూతద్దం పెట్టి చూశారుగాని, దాన్ని మోసుకొచ్చిన మనిషి పాత చరిత్ర అడగలేదు. తరళ పేరు కూడా మార్చుకోలేదు. మార్చుకుంటే, గుర్తుపట్టినప్పుడు చక్రధర్ మొహం ఎలా పాలిపోతుందో చూసే సరదా పోతుంది.

చక్రధర్ ఇప్పుడు కంపెనీకి సాంకేతికాధిపతి. జుట్టు నెరిసి, బొజ్జ వచ్చింది. ఆమెని చూసి హాయిగా నవ్వాడు.

"రండి రండి సరళ గారూ! మిమ్మల్నెక్కడో చూసినట్టుందండీ."

"తరళ అండీ."

"అదేలెండి. టీ తాగుతారా?"

ఎంత బాగా నటిస్తున్నాడు అనుకుంది తరళ. నీ వేళ్లు నటించలేవులే అనుకుంటూ టీ తాగింది.

ఆమె వేసిన ఎత్తు చిన్నదే. సంకల్పమాపనిని తలుపుకి బిగించకముందే, కొత్త నేతలు విడుదలయ్యే రోజు పదకొండింటికి కావలి పొర లోతైన తనిఖీ మొదలుపెట్టేలా ఏర్పాటు చేసింది. నిబంధనల ప్రకారం అందులో తప్పేమీ లేదు. సర్వర్లు మందగిస్తాయి. చక్రధర్ పాత పాటే పాడతాడు. ఈసారి అతని వేళ్లే కీబోర్డు మీద పడతాయి. తెలిసి తెలిసి తలుపులు తీసేవాడి చేతుల్లో ఏముందో యంత్రం తేల్చి, అందరికీ కనబడేలా రాస్తుంది. యంత్రం బిగించాక పరీక్షలన్నీ యోహాన్ చేతే చేయించింది. తను వేలు కూడా పెట్టలేదు.

ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం పన్నెండింటికి ప్రపంచమంతటా బట్టలు ఒక్కసారి మారాలి. పదకొండుం పావుకి సర్వర్లు మూలగడం మొదలుపెట్టాయి. పదకొండున్నరకి చక్రధర్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. పై అంతస్తు హాల్లో డైరెక్టర్లు, అతిథులు, కెమెరాలు.

"ఆ కావలి పొరని కాసేపు రాసుకునే పద్ధతిలో పెట్టెయ్యండి సరళ గారూ. రెండు గంటలే!"

పదకొండేళ్లుగా ఎదురుచూసిన మాట అది. తరళ కీబోర్డుని అతని వైపు జరిపింది.

"నాకా అధికారం లేదండీ. రూట్ మీ చేతిలో ఉంది. మీరే కొట్టండి."

చక్రధర్ కూర్చుని పలక మీద చేతులు ఆనించాడు. యంత్రం మెత్తని ఆడగొంతుతో పలికింది.

"మోసం లేదు. పగ లేదు. భయం కొద్దిగా ఉంది. సంకల్పం నిర్మలం. లోపలికి రండి."

అతను ఒక వేలితో వెతుక్కుంటూ ఆజ్ఞ కొట్టాడు, "అమ్మయ్య" అన్నాడు, పై అంతస్తుకి పరిగెత్తాడు.

తరళ అతను వదిలిన కుర్చీకేసి చూసింది. యంత్రం తప్పు చెప్పదు. నిర్మలం! అంటే ఆనాడు కూడా అంతేనన్నమాట. అతను కుట్ర చెయ్యలేదు, అబద్ధం చెప్పలేదు. ఒక మాట అన్నాడు, మరిచిపోయాడు. తన బతుకు బుగ్గి చేసినందుకు అతని మనసులో గోరంత గుర్తు కూడా లేదు. శత్రువైనా బాగుండేది. ఇన్నాళ్లూ ఆమె యుద్ధం చేసింది తన ఉనికే తెలియని మనిషితో.

తెర మీద ఎర్ర గీతలు కదిలాయి. దొంగలెప్పుడూ గుమ్మంలోనే కాచుకుని ఉంటారు. ఒకడు లోపలికి వచ్చాడు, వెనకే ఇంకో ముగ్గురు. కావలి పొర వాళ్ల పేర్లు బుద్ధిగా రాసుకుంటోంది. అప్పుడే తలుపు మూసేస్తే దొంగలు ఆగిపోయేవాళ్లు. తరళ చేతులు కట్టుకుని కూర్చుంది. ఉద్దేశం లేకపోతే పోయె, నష్టమైనా ఉంటుంది కదా. బాగా పోనీ. తల ఎత్తుకోలేనంత పోనీ. నాలుగు నిమిషాలు అలా చూస్తూ ఉంటే ఆమెకి పదకొండేళ్లలో ఎన్నడూ లేనంత హాయిగా అనిపించింది.

దొంగలు కొలతల గది గుమ్మం చేరాక లేచింది. ఇక మూసేద్దాం, చక్రధర్ తీసిన తలుపు తరళ మూసిందని రాస్తారు. యంత్రం బిగించినవాళ్లకి ఇచ్చే, తలుపు మూయడానికి మాత్రమే పనికొచ్చే అత్యవసర సంకేతపదం ఆమె దగ్గరుంది. పలక మీద చేతులు పెట్టింది.

"పగ," అంది యంత్రం. "మూల నమూనాతో నూటికి నూరు పాళ్లూ సరిపోయింది. ప్రవేశం లేదు."

"తలుపు మూస్తున్నానే, తెరవట్లేదు!"

"ఏం చేస్తున్నారో నేను చూడను. ఎందుకు చేస్తున్నారో చూస్తాను. అలా మీరే నేర్పారు."

తరళ పిడికిళ్లతో పలకని గుద్దింది. యంత్రం ఆమె సంకేతపదాన్ని రద్దు చేసింది. ఈలోగా దొంగలు లోపలికి చొరబడి సర్వర్ల సంబంధమే తెంపేశారు. సరిగ్గా పన్నెండింటికి, కొత్త రుతువు విరియాల్సిన వేళ, ఆమె ఒంటిమీది నీలం చీర అంచునుంచి వెలిసిపోతూ వచ్చి బూడిదరంగుకి తిరిగింది. పై అంతస్తు నుంచి వందల గొంతులు ఒక్కసారిగా కేక పెట్టాయి. నూట పది దేశాల్లో అందరి బట్టలూ అదే రంగులో ఉన్నాయి.

చక్రధర్ దబదబా మెట్లు దిగి వచ్చాడు. ఇందాకటి కోటు ఇప్పుడు ముతక దుప్పటి.

"ఏమైందండీ? అయ్యో, ఇదేం ఖర్మ! పదేళ్ల క్రితం కూడా ఇలాగే అయింది. అప్పుడూ ఎవరో అమ్మాయి చేసిందండీ. మంచి పిల్లే, పాపం. ఎందుకు చేసిందో ఏమో. పేరు నోట్లోనే ఉంది..."

అతని గొంతులో నిజమైన జాలి ఉంది. తరళ అతని మొహంకేసి చూసింది. ఏనాటికైనా పాలిపోతుందనుకున్న ఆ మొహంలో చెమట తప్ప ఏమీ లేదు.

యంత్రం అప్పటికే నివేదిక ముగించి డైరెక్టర్లకి పంపేసింది. తెర మీద రెండే వాక్యాలు. తలుపు తెరిచినవారు చక్రధర్, ఉద్దేశం ఏమీ లేదు. నాలుగు నిమిషాలు చూస్తూ కూర్చున్నవారు తరళ, ఉద్దేశపూర్వకం.

"పేరు అక్కడ రాసి ఉంది సార్," అంది తరళ. "ఈసారైనా చదవండి."